ఎడమ అని రాసిన రిపోర్టు

వెర్నా కోస్కెలా ఇరవై రెండేళ్లపాటు డాక్టర్ ఆర్డెన్ హాల్వర్సన్ గొంతు వింటూ ఉద్యోగం చేసింది. మనిషిని చూసింది మాత్రం తక్కువే. టాకోనా ఊరి ఆసుపత్రి నేలమాళిగలో, ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, పై అంతస్తులో ఆయన స్కాన్లు చూసి రికార్డు చేసిన మాటలన్నీ టైపు చేసేది. ఆయనకు జలుబు పట్టబోతోందని ఆయన భార్యకంటే ముందు వెర్నాకే తెలిసేది. నవంబరులో జింకల వేట దగ్గరపడితే ఆయన వాక్యాలు పొట్టివైపోయేవి. రోగి పరిస్థితి బాగాలేదని తేలినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, మరికాస్త మెల్లగా చెప్పేవారు. ఆ ఆగడాన్ని టైపు చేయడానికి అక్షరం లేదు గానీ వెర్నా దాన్ని వినేది.

తర్వాత మాటను అక్షరంగా మార్చే యంత్రం వచ్చింది. ఐదుగురు టైపిస్టులనూ ఒక శుక్రవారం పిలిచి, కేకు కోసి, ఇళ్లకు పంపేశారు. వెర్నాకు అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. భర్త రెయినో ఇనుప గనిలో పెద్ద లారీలు బాగుచేసేవాడు. ఆ ఏడాది గని సగం మూతబడి ఉంది. టాకోనాలో ఆడవాళ్లకు ఆసుపత్రి, బడి, కిరాణా కొట్టు కాకుండా నాలుగో చోట పని దొరకదు. ఆమె మెడికల్ కోడింగ్ పరీక్షకు చదవడం మొదలుపెట్టింది.

డాక్టరు చేసిన ప్రతి పనికీ ఒక కోడ్ ఉంటుంది, రోగికున్న ప్రతి జబ్బుకీ ఇంకో కోడ్ ఉంటుంది. రిపోర్టు చదివి ఆ రెండింటినీ జతచేసి బీమా కంపెనీకి పంపడమే కోడర్ల పని. కోడ్ తప్పితే బిల్లు వెనక్కి వస్తుంది, లేదా రోగికి లేని జబ్బు ఉన్నట్టు కాగితాల్లో ఉండిపోతుంది. వెర్నాకు ఎముకలు అర్థమయ్యాయి, రక్తనాళాలూ అర్థమయ్యాయి. ఒంట్లో తెల్లటి నీరులా పారే లింఫు దగ్గరికొచ్చేసరికి బుర్ర ఆగిపోయింది. పుస్తకంలో ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివి, సిగ్గు విడిచి మూడో అంతస్తుకి వెళ్లి హాల్వర్సన్ తలుపు తట్టింది.

ఆయన అప్పుడు భోజనం చేస్తున్నారు. పళ్లెం కింద పరిచిన కాగితం లాగి, దాని వెనక మనిషి బొమ్మ గీశారు. ఒంటినిండా సన్నటి గీతలు, చంకల్లోనూ గజ్జల్లోనూ చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు.

"రక్తానికి గుండె ఉంది తోలడానికి. దీనికి ఎవరూ లేరు వెర్నా. నువ్వు నడిస్తే అది నడుస్తుంది, నువ్వు ఊపిరి పీలిస్తే అది కదులుతుంది. అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు."

కాన్సరు ఒంట్లో ఒక చోట నుంచి బయల్దేరితే ఈ గీతల వెంటే పోయి మొదటి గ్రంథిలో దిగుతుందనీ, అందుకే దాన్ని కాపలా గ్రంథి అంటారనీ, రేడియోధార్మిక మందు ఎక్కించి ఫొటో తీసేది ఆ గ్రంథి ఎక్కడుందో కనిపెట్టడానికేననీ చెప్పారు. మందు మాత్రమే ఎక్కిస్తే ఒక కోడ్. ఫొటోలు కూడా తీస్తే వేరే కోడ్, అందులోనే ఎక్కించడమూ కలిసి ఉంటుంది, రెండూ అడిగితే దొంగ బిల్లు అవుతుంది. పళ్లెంలో మాంసం కూరిన పేస్టీ రొట్టె చల్లారిపోయింది. ఆయన చెప్పడం ఆపలేదు. వెర్నా ఆ పరీక్ష మొదటిసారికే పాసైంది.

అది జరిగి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఆమె అదే నేలమాళిగలో, పాత బల్ల దగ్గరే కూర్చుని, అదే డాక్టరు రిపోర్టులకు కోడ్‌లు వేస్తోంది. ఒకప్పుడు విన్నదాన్ని ఇప్పుడు చదువుతోంది.

ఆ ఫిబ్రవరిలో ఒక రిపోర్టు వచ్చింది. రొమ్ము కాన్సరు ఉన్న స్త్రీ. మందు ఎడమ రొమ్ములో ఎక్కించినట్టు పై పేరాలో ఉంది. గ్రంథులు కుడి చంకలో కనిపించినట్టు కింద ఉంది. ఆ జబ్బు కోడ్‌లో చివరి అంకె ఒకటైతే కుడి, రెండైతే ఎడమ. కోడరు ఊహించి వేయకూడదు. అనుమానం వస్తే డాక్టరుకు రాతపూర్వకంగా ప్రశ్న పంపాలి, ఆ ప్రశ్నలో జవాబు దాగి ఉండకూడదు. 'ఎడమే కదా' అనకూడదు, 'ఏ పక్కో తెలపగలరు' అనాలి. వెర్నా అలాగే రాసింది. గంటలో జవాబు వచ్చింది: 'ఎడమ. యంత్రానికి నా గొంతు నచ్చలేదు.' ఆమె నవ్వుకుని కోడ్ వేసి పంపించేసింది.

మార్చిలో మూడు వచ్చాయి. ఒకదాంట్లో ఒకే వాక్యం వరసగా రెండుసార్లు ఉంది. ఇంకోదాంట్లో కాలికి మాత్రమే ఫొటో తీస్తే పొత్తికడుపు గ్రంథుల గురించి రాసి ఉంది. మూడోదాని మీద ఆమె 'ఎన్ని గ్రంథులు కనిపించాయో తెలపగలరు' అని అడిగితే 'అవును, రోగి సహకరించారు' అని జవాబొచ్చింది. వీటన్నిటిలోనూ ఇంకో వింత ఉంది. అక్కడక్కడా వాక్యం చివర 'ఫర్న్' అనే మాట తగిలించి ఉంది. అడవిలో పెరిగే ఆకుమొక్క పేరు. దానికీ రిపోర్టుకీ సంబంధం లేదు. యంత్రం పిచ్చి అనుకుంది వెర్నా.

ఏప్రిల్ మొదట్లో, చెరువుల మీద మంచు ఇంకా కరగడం మొదలుకాకముందే, ఆమె ఒక మధ్యాహ్నం పాత హెడ్‌ఫోన్లు వెతికి తీసింది. డాక్టర్ల రికార్డింగులు ముప్పై రోజులు కంప్యూటర్లో ఉంటాయి. టైపిస్టుగా ఆమెకిచ్చిన అనుమతిని తీసేయడం అందరూ మర్చిపోయారు. ఆమె ఒకటి తెరిచింది.

ముందు ఆయన ఊపిరి వినిపించింది. తర్వాత గొంతు. "ఎడమ... ఎడమ చెయ్యి కింద... ఆ గుంట. దాన్నేమంటారు." నిశ్శబ్దం. కుర్చీ కిర్రుమంది. వెర్నా తెర మీద సెకన్లు చూస్తూ కూర్చుంది. నలభై సెకన్ల తర్వాత ఆయన చాలా మామూలుగా అన్నారు: "సరే. వెర్నా, ఆ మాట ఇక్కడ నువ్వు పెట్టెయ్యి."

యంత్రానికి ఆమె పేరు తెలియదు. దానికి దగ్గరగా తోచిన 'ఫర్న్' అనే మాట రాసుకుపోయింది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిదేళ్ల కింద కేకు కోసి పంపించేసిన టైపిస్టు ఇంకా కింద కూర్చునే ఉందని ఆయన అనుకుంటున్నారు. ఆ రోజు ఇంకో ఆరు రికార్డింగులు విన్నది. రెండు చక్కగా ఉన్నాయి, పూర్వం ఉన్నట్టే. నాలుగు లేవు.

స్కాన్లు తీసే టెక్నీషియన్ డ్వేన్ పెర్కో భోజనాల గదిలో కనిపించాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

"ఏంటి కోస్కెలా, నేలమాళిగలోంచి ఎండకొచ్చావు? నీకు పడదేమో చూసుకో."

"డ్వేన్, హాల్వర్సన్ బాగానే ఉన్నారా?"

అతను చెంచా కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ అనలేదు. నేను రిపోర్టులు చదువుతాను కదా."

"క్రిస్మస్ ముందునుంచీ తెలుసు నాకు," అన్నాడు గొంతు తగ్గించి. "నేను చూసుకుంటున్నాను. రోగి ఒంటి మీద పెన్నుతో గుర్తు పెట్టేది నేనే, సర్జన్‌కి ఫోన్ చేసి ఇదిగో ఈ పక్క అని చెప్పేదీ నేనే. రిపోర్టు ఎవడు చదువుతాడు?"

"నేను చదువుతాను."

"నువ్వు చదివేది బిల్లు కోసం. కోపం తెచ్చుకోకు, నిజం చెబుతున్నా. సెప్టెంబర్లో రిటైరవుతున్నాడాయన. వీడ్కోలు విందుకి చర్చి హాలు మాట్లాడేశాం. ముప్పై నాలుగేళ్లు, వెర్నా. మా అమ్మ కాన్సరు పట్టుకుంది ఆయనే. మీ రెయినో ఊపిరితిత్తుల మీద మచ్చ చూసి ఆదివారం పూట ఇంటికి ఫోన్ చేసింది ఎవరు? ఐదు నెలలు ఆగలేమా?"

"నువ్వు లేనప్పుడో?"

"నేనెప్పుడు లేను?"

వెర్నా సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. కాఫీ కప్పు కడిగి బోర్లించి కిందికి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి ఆమె చేసిందల్లా సరేనన్న మనిషి చేసే పనే. ప్రతి లింఫు రిపోర్టునూ రెండుసార్లు చదివేది. పొత్తు కుదరని చోటల్లా ప్రశ్న పంపేది. జవాబు అర్థంకాకపోతే ఇంకో ప్రశ్న. ఇంట్లో రెయినోకి ఏమీ చెప్పలేదు. రోగుల సంగతులు గడప దాటించకూడదు. అతనే అడిగాడు ఒక శనివారం, ఆవిరిస్నానం చేసే సావ్నా గదిలో వేడిరాళ్ల మీద నీళ్లు పోస్తూ. "ఏంటి, నెలరోజులుగా పళ్లు నూరుతున్నావు నిద్రలో?"

"పని ఎక్కువైంది."

"పని ఎక్కువైతే తిడతావు నువ్వు. పళ్లు నూరవు."

ఆమె ఇంకో చెంబు నీళ్లు అందించింది.

మే నెలాఖరున కార్లీన్ నొవాక్ రిపోర్టు వచ్చింది. బడి బస్సు నడిపే మనిషి, నలభై నాలుగేళ్లు. వీపు నడిమధ్యన చర్మపు కాన్సరు. చేతికో కాలికో వస్తే అది ఏ పక్కకు పోతుందో కొంత చెప్పొచ్చు. వీపు మధ్యలో వస్తే కుడి చంకకైనా పోవచ్చు, ఎడమ చంకకైనా పోవచ్చు. ఫొటో తీస్తే తప్ప తెలియదు. హాల్వర్సన్ రిపోర్టులో పైన కుడి చంక అని ఉంది, చివర ఎడమ చంక అని ఉంది.

నిజానికి ఈ కేసులో పక్క ఏదైనా కోడ్ మారదు. వెర్నా దాన్ని అలాగే పంపినా బీమా కంపెనీ పట్టించుకునేది కాదేమో. కానీ పై మాటకీ కింది మాటకీ పడని రిపోర్టును ఆమె ఎన్నడూ పంపలేదు. ఆ రోజు అప్పటికే ఆయనకు పంపిన మూడు ప్రశ్నలకు జవాబులు అడ్డదిడ్డంగా వచ్చాయి. పై అధికారిణి రెండుసార్లు ఫోన్ చేసి నెలాఖరు లెక్క అడిగింది. డులూత్‌లోని పెద్దాసుపత్రి నుంచి వచ్చిన కాగితంలో 'ఎడమ భుజం దిగువన, వెన్నెముక దగ్గర' అని ఉండటం చూసి, ఎడమే అయ్యుంటుందనుకుంది. ఇలా రాసింది: 'చివరి పేరాలో ఎడమ అని ఉంది. మీ ఉద్దేశం ఎడమ చంక అనే కదా?'

పంపాక వేలు మీట మీదే ఉండిపోయింది. అలా రాయకూడదని కొత్తగా చేరినవాళ్లకు తనే నేర్పింది.

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'అవును, ఎడమే.' రిపోర్టులో రెండు చోట్లా ఎడమ అని మార్చి సంతకం పెట్టి పంపారాయన. ఇన్నాళ్లలో అంత తిన్నటి జవాబు రాలేదు. వెర్నా ఊపిరి పీల్చుకుంది.

ఎనిమిది రోజులకు, భోజనాల గదిలో డ్వేన్ ఆమె ఎదురుగా కూర్చుని అన్నీ కలిపి కాల్చిన హాట్‌డిష్ తింటూ ఏదో మాట్లాడుతున్నాడు. మాటల్లో మాటగా అన్నాడు: "ఆ బస్సు నడిపే ఆవిడ లేదూ, నొవాక్. రేపు పొద్దున్నే డులూత్‌లో ఆపరేషను. భలే పడ్డాయి ఫొటోలు. కుడి చంకలో రెండు గ్రంథులు, దీపాలు పెట్టినట్టు."

"కుడి చంకలోనా?"

"కుడి. నేనే గుర్తు పెట్టాను."

"సర్జన్‌కి చెప్పావా?"

అతని చెంచా నోటి దగ్గర ఆగింది. "కొత్త సర్జన్ వెర్నా. నాకు నంబరు లేదు. రిపోర్టు వెళ్లింది కదా అని..."

పెన్ను గుర్తు ఎనిమిది రోజులు ఉండదు. వెర్నా పళ్లెం అక్కడే వదిలేసి మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగలేదు.

ఫొటోలు చూసే గది ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. హాల్వర్సన్ రెండు తెరల ముందు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, టై, తెల్లటి జుట్టు నున్నగా దువ్వి ఉంది.

"రా వెర్నా. తలుపు వెయ్యి, వెలుగు పడుతోంది."

"డాక్టర్, కార్లీన్ నొవాక్ ఫొటోలు ఒకసారి తీస్తారా?"

పేరు వెతకడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె సాయం చేయలేదు. ఫొటో వచ్చింది. మసక మనిషి ఆకారం, నడుమ ఒక పెద్ద వెలుగు చుక్క, ఒక పక్క రెండు చిన్న చుక్కలు. అది ముందునుంచి తీసిన ఫొటో; చూసేవాళ్లకు ఎడమగా కనిపించేది రోగికి కుడి. ఈ గదిలో అడుగుపెట్టినవాడికి మొదటి వారం నేర్పే పాఠం అది. ఇది కుడి పక్క అని మూలన డ్వేన్ వేసిన గుర్తు కూడా ఉంది.

"ఇందులో గ్రంథి ఏ పక్కన ఉంది డాక్టర్?"

ఆయన వేలు తెర దాకా వెళ్లి వెనక్కొచ్చింది. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నారు, పెళ్లి ఉంగరం ఉన్న ఎడమ చెయ్యి ఏదో అని. "నువ్వేం రాసుకున్నావు?"

"నేను చెప్పకూడదు. మీరు చెప్పాలి."

"టైపు చేసింది నువ్వే కదా."

"నేను టైపు మానేసి తొమ్మిదేళ్లయింది డాక్టర్."

"తొమ్మిదేళ్లా," అన్నారాయన. అదేదో వేరే ఊళ్లో జరిగిన సంగతి విన్నట్టు అన్నారు. మళ్లీ తెర వైపు తిరిగారు. "ఎడమ. కాదు, కుడి." ఆమె ముఖంలోకి చూశారు. "నీకు ఏది కావాలి?"

వెర్నాకు అంతదాకా ఎక్కడో చిన్న ఆశ ఉండేది, తను భయపడుతున్నంత లేదని. ఆ మాటతో అదీ పోయింది. తను ఎడమ అని అడిగింది కాబట్టి ఆయన ఎడమ అన్నారు. కుడి అని అడిగి ఉంటే కుడి అనేవారు. ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"డాక్టర్ టిబెట్స్‌ని పిలుద్దాం. మీరు పిలిస్తే బాగుంటుంది. నేను పక్కనే ఉంటాను."

టిబెట్స్ ఆసుపత్రి వైద్యులందరి మీదా పెద్ద. ఆ పేరు వినగానే హాల్వర్సన్ ముఖం బిగుసుకుంది. మాట కూడా మారిపోయింది, తడబాటు లేదు, పూర్వంలా స్పష్టంగా వచ్చింది.

"నా గదిలోకొచ్చి నాకు పరీక్ష పెడుతున్నావా? లింఫంటే ఏంటో నీకు బొమ్మ గీసి నేర్పింది ఎవరు?"

"మీరే."

"నడు బయటికి."

ఆమె లేచి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆయన మళ్లీ చేతులు చూసుకుంటున్నారు. ఆమె తలుపు వేసి, వసారా చివర టిబెట్స్ గదికి వెళ్లింది.

డాక్టర్ రోవాన్ టిబెట్స్ మాట తక్కువ మనిషి. విన్నంతసేపు విని, ముందు డులూత్‌కి ఫోన్ చేసి ఆ రిపోర్టు నమ్మొద్దని చెప్పింది. ఫొటోలు వేరే రేడియాలజిస్టు చూడాలని పంపించింది. తర్వాత కంప్యూటర్లో వెర్నా పంపిన ప్రశ్న తీసింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే."

"ఇలా అడక్కూడదని తెలుసు కదా."

"తెలుసు."

"ఎప్పటినుంచి ఉంది నీకు అనుమానం?"

"ఫిబ్రవరిలో మొదలైంది. ఏప్రిల్లో రికార్డింగులు విన్నాను. అప్పటికి తెలిసిపోయింది."

టిబెట్స్ తెర మీది తేదీ చూసింది. "ఇది జూన్, వెర్నా," అంది.

కార్లీన్ నొవాక్‌కి మర్నాడు కుడి పక్కనే ఆపరేషను జరిగింది. ఒక గ్రంథిలో ఆవగింజంత ముక్క ఉంది, తీసేశారు. ఆమెకు జరిగిందంతా ఆసుపత్రివాళ్లే పిలిచి చెప్పారు. కిరాణా కొట్టులో ఎవరో అడిగితే, పాతికేళ్లుగా బస్సు తిప్పుతున్నాను, నాకే ఇంకా కుడీ ఎడమా తడబడతాయి అని నవ్వేసిందట.

హాల్వర్సన్‌ని ఆ సాయంత్రమే పని ఆపమన్నారు. పరీక్షలు చేయించారు. జబ్బు పేరు ఊరికి తెలియడానికి వారం కూడా పట్టలేదు. చర్చి హాలు రద్దయింది. పద్నాలుగు నెలల లింఫు ఫొటోలన్నీ వేరే ఊరి రేడియాలజిస్టులు మళ్లీ చూశారు. ఏడు రిపోర్టుల్లో తప్పులు తేలాయి. ఐదింటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరు రోగులను వెనక్కి పిలిపించారు.

వెర్నా ఫైల్లో హెచ్చరిక కాగితం పడింది. ఆరు నెలలపాటు ఆమె పంపే ప్రతి ప్రశ్ననూ ఇంకొకరు చూశాకే పంపాలన్నారు. ఆమె దానికి ఎదురు చెప్పలేదు. డ్వేన్‌కి కూడా హెచ్చరిక వచ్చింది. అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. భోజనాల గదిలో ఆమె కూర్చుంటే ట్రే తీసుకుని కిటికీ పక్క బల్లకు వెళ్లిపోయేవాడు. రిసెప్షన్లో ఒకామె అందరూ వినేట్టుగానే అంది, కొందరికి ఉప్పు తిన్న ఇల్లు గుర్తుండదని. రెయినో ఆ మాట విని ఆసుపత్రికి వెళ్తానని చొక్కా తొడిగాడు. వెర్నా గుమ్మానికి అడ్డం నిలబడి ఆపింది.

ఆగస్టులో, నీలి బెర్రీ పళ్లు కోసే రోజుల్లో, కిరాణా కొట్టు బయట కార్ల మధ్య హాల్వర్సన్ భార్య మార్గిట్ ఎదురైంది. పొడుగాటి మనిషి, ఎండకు టోపీ పెట్టుకుని ఉంది. వెర్నా తప్పుకుని పోదామనుకుంది గానీ దారి లేదు.

"నాకు ఫోన్ చెయ్యాల్సింది నువ్వు," అంది మార్గిట్.

"అవునండీ. చెయ్యాల్సింది."

"ఇరవై ఏళ్లు ఆయన గొంతు నీ చెవిలో ఉంది. ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావు."

వెర్నా సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "మీకు తెలుసా అప్పటికి?"

మార్గిట్ కారు తలుపు మీద చెయ్యి ఆనించింది. కొట్టులోంచి ఎవరో బయటికొచ్చి పలకరించబోయి, వాళ్ల ముఖాలు చూసి వెళ్లిపోయారు.

"ఏడాదిన్నరగా తెలుసు. పొద్దున్నే నేనే కారు నడిపి దింపేదాన్ని, మోకాలు నొప్పని చెప్పేదాన్ని అందరికీ. డాక్టర్ల పేర్లన్నీ చీటీ మీద రాసి జేబులో పెట్టేదాన్ని." ఆగింది. "నువ్వు ఫోన్ చేసి ఉంటే అబద్ధం చెప్పేదాన్ని. ఆయనకేం, శుభ్రంగా ఉన్నాడు అనేదాన్ని."

"ఎలా ఉన్నారిప్పుడు?"

"తోటలో కూర్చుంటాడు. నీ మీద కోపం లేదు, నీ సంగతే గుర్తులేదు. నాకు గుర్తుంది." కారెక్కి అద్దం దించింది. "నువ్వు చేసింది తప్పని కాదు వెర్నా. నిన్ను చూస్తే మాత్రం కోపం వస్తుంది. ఏం చెయ్యను."

"పర్వాలేదండీ," అంది వెర్నా.

మార్గిట్ మాటలకు ఆమె బాధపడింది నిజమే. కానీ ఆ వేసవంతా ఆమెను నిద్రపోనివ్వనిది హాల్వర్సన్ ఇల్లు కాదు. వెనక్కి పిలిచిన ఇద్దరు రోగుల్లో రెండో మనిషి.

ఆయన పేరు ఆర్వో సాలో, డెబ్బై ఒక్కేళ్లు. పిక్క మీద పుట్టుమచ్చ కాన్సరుగా మారింది. ఏప్రిల్ చివరి వారంలో ఫొటో తీశారు. గజ్జలో ఒక గ్రంథి అని హాల్వర్సన్ రిపోర్టు ఇచ్చారు, సర్జన్ దాన్ని తీశాడు, అందులో ఏమీ లేదు. ఆ ఫొటోలోనే మోకాలి వెనక ఇంకో చుక్క ఉంది. దాని గురించి రిపోర్టులో ఒక్క ముక్క లేదు. ఆ వారం డ్వేన్ భుజానికి ఆపరేషను చేయించుకుని సెలవులో ఉన్నాడు. పక్క ఊరినుంచి వచ్చిన కుర్ర టెక్నీషియన్‌కి సంగతి తెలియదు. జూన్లో మళ్లీ చూసేసరికి మోకాలి వెనక గ్రంథి రేగుపండంత అయింది.

వెర్నా ఆ రిపోర్టును వెతికి చదివింది. తనే కోడ్ వేసింది దానికి. ఎక్కడా పొరపాటు లేదు, ఫర్న్ లేదు, పై మాటకీ కింది మాటకీ చక్కగా పొత్తు కుదిరింది. ఆరు నిమిషాల్లో పూర్తి చేసినట్టు కంప్యూటర్లో ఉంది. ఎన్నిసార్లు చదివినా ఆ తప్పు ఆమెకు దొరికేది కాదు, ఎందుకంటే అది కాగితం మీద లేదు. ఆ తేదీ మాత్రం ఆమె రికార్డింగులు విన్న రోజుకు మూడు వారాల తర్వాతది.

సెప్టెంబరు నుంచి ఆర్వో సాలో పేరు మూడు వారాలకొకసారి ఆమె తెర మీదికి వచ్చేది. నరంలోంచి మందు ఎక్కించడం, దానికొక కోడ్. కాన్సరు గ్రంథికి పాకింది, దానికొక కోడ్. గ్రంథులు తీసేయడంవల్ల కాలు వాచింది, దానికొక కోడ్. పై అధికారిణిని అడిగి ఆ ఫైలు వేరేవాళ్లకు ఇప్పించుకోవచ్చు. ఆమె అడగలేదు.

అక్టోబరులో ఒక పొద్దున వసారాలో ఒక ముసలాయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక కాలికి బిగుతైన మేజోడు, చేతిలో ఉన్ని టోపీ.

"అమ్మా, మందు ఎక్కించే గది మార్చారా? పోయినసారి ఇక్కడే ఉండేది."

"రెండో అంతస్తుకి మార్చారు. రండి, చూపిస్తాను."

"మెల్లగా నడువు. ఈ కాలు నా మాట వినడం మానేసింది." లిఫ్టు దగ్గర ఆగినప్పుడు ఆయనే మాట కలిపాడు. "ముప్పై ఏళ్లు ఈ కాళ్లతోనే ఊరంతా ఉత్తరాలు పంచాను. ఇప్పుడు చూడు."

అప్పటికి వెర్నాకు అర్థమైంది ఆయనెవరో.

"ఎవరో డాక్టరు ఫొటో సరిగా చూడలేదంట," అన్నాడాయన. "పాపం ఆయనకే మతి బాగాలేదంట. ఎవర్నని ఏం లాభం. ఎవరికీ తెలీలేదంట ఆ సంగతి."

లిఫ్టు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి.

"నాకు తెలుసు," అంది వెర్నా.

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నేను రిపోర్టులు చదివే పనిలో ఉన్నాను. మీ ఫొటో తీసేటప్పటికే ఆయనకు బాగాలేదని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పాను."

రెండో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఆయన దిగలేదు. తలుపులు మళ్లీ మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ పేరేంటి?"

"వెర్నా కోస్కెలా."

"రెయినో భార్యవా?"

"అవును."

ఆయన తల ఊపాడు. ఆ ఊపడంలో ఏముందో ఆమెకు తెలియలేదు. టోపీ తలకు పెట్టుకుని, మళ్లీ తీసి, వసారాలో ఒక్కడే నడుచుకుంటూ వెళ్లాడు. ఆమె లిఫ్టు పట్టుకుని ఆయన ఆ గది తలుపు తోసేదాకా చూసింది.

ఆ సాయంత్రం రెయినోతో పేర్లు లేకుండా చెప్పింది. అతను బూట్లు విప్పుతూ విన్నాడు.

"చెప్పకపోతే ఆయనకు తెలిసేదే కాదు," అన్నాడు.

"రెయినో, ఎవరికీ తెలీలేదంట అన్నాడాయన. నా ఎదురుగా నిలబడి అన్నాడు."

రెయినో విప్పిన బూటు గోడ పక్కన పెట్టాడు. "ఇప్పుడాయన కేసు వేస్తే?"

"వెయ్యనీ."

ఆయన కేసు వేయలేదు. ఫిర్యాదు కూడా చేయలేదు. పలకరించనూ లేదు, ఆ చలికాలంలో రెండుసార్లు ఎదురుపడితే గడ్డం కొద్దిగా ఎత్తి పక్కకు తప్పుకున్నాడు. డిసెంబరులో డ్వేన్ నేలమాళిగకు వచ్చి తలుపు దగ్గరే నిలబడి, ఆ వారం తను సెలవు పెట్టి ఉండకూడదని అన్నాడు. భుజం పాడైతే ఏం చేస్తావు అంది వెర్నా. అతను కూర్చోలేదు, కానీ మర్నాడు భోజనాల గదిలో ఆమె బల్ల దగ్గరే కూర్చున్నాడు.

మార్చిలో ఆర్వో సాలో వాచిన కాలికి మళ్లీ లింఫు ఫొటో తీశారు. డులూత్‌లోని కొత్త రేడియాలజిస్టు రిపోర్టు ఇచ్చింది. కాన్సరు వేరే చోటికి పాకిన జాడ లేదు. కాలిలో దారులు మూసుకుపోయాయి, ఆ వాపు ఇక పోదు. వెర్నా రిపోర్టును మొదటినుంచి చివరిదాకా చదివి, రెండు కాళ్లనూ పోల్చి చూశారా లేదా అన్నది స్పష్టంగా లేదని ప్రశ్న రాసింది. ఆరు నెలల గడువు ఎప్పుడో తీరినా, పక్క బల్ల మనిషికి చూపించి, పంపింది. జవాబు వచ్చేదాకా ఆ ఫైలు తెరిచే ఉంచింది.